ఆస్పత్రిలోనే పుట్టాలి

ఎనెలేసి అవ్వ చేతుల మీద పుట్టినవాళ్ళను ఒకచోట నిలబెడితే సగం ఊరు అవుతుంది. ముప్పై ఏళ్ళు మంత్రసాని పని చేసింది. ఒకప్పుడు సర్కారువాళ్ళే పిలిచి, వారం రోజులు పాఠం చెప్పి, బ్లేడ్లూ గ్లౌజులూ దారమూ ఉన్న రేకు పెట్టె చేతిలో పెట్టి ఫోటో తీసుకున్నారు. కొన్నేళ్ళకు ఆ సర్కారే పెట్టె వెనక్కి తీసుకుని, ఇక కాన్పు ముట్టుకోవద్దంది. ఎక్కడో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు మంత్రసానుల వల్ల తల్లులు బతకడం లేదని తేల్చారట. పెట్టెలు పంచమన్నదీ ఆ బల్ల దగ్గరివాళ్ళే. ఆ సంగతి వాళ్ళకు గుర్తు చేసేవాళ్ళు లేరు.

దాని వెనకే ఊరి పెద్ద చిముతు కట్టుబాటు పెట్టాడు. ఆస్పత్రి బయట కాన్పు జరిగితే తల్లి ఇంటి నుంచి ఒక మేక, బిడ్డను పట్టిన మంత్రసాని నుంచి ఒక మేక. చిముతు చెడ్డవాడేమీ కాదు. పన్నెండేళ్ళ కిందట అతని చెల్లెలు కాన్పులో, ఎనెలేసి అవ్వ పరిచిన చాప మీదే, రక్తం ఆగక పోయింది. అందుకే అవ్వ ఆ కట్టుబాటుకు ఎదురు చెప్పలేదు. రక్తం ఆపే సూది ఆస్పత్రిలో ఉంది, తన దగ్గర లేదు. ఆమాత్రం ఆమెకూ తెలుసు. అయినా పోయినేడు పక్కింటి పిల్ల తన గడప మీదే కనేస్తే పట్టుకోక ఏం చేస్తుంది? మేక పోయింది. ఇక మిగిలింది ఒకటే. పంట చేతికొచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలంటే దాన్ని అమ్ముకోవలసిందే.

మనవరాలు లోఫీనాకు నెలలు నిండాయి. నిజానికి నెల ముందే వెళ్ళి ఆస్పత్రి పక్కన గర్భిణుల పాకలో ఉండాలి. పాకకు డబ్బు అడగరు, కానీ తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని జనవరి నెలలో మొక్కజొన్న పిండి ఎవరింట్లో మూలుగుతోంది కనుక? పిల్ల నిండు కడుపుతో పరాయివాళ్ళ చేలో కలుపు తీస్తోంది.

"రేపు పోతాలే అమ్మమ్మా. ఇంకో నాలుగు సాళ్ళు తీస్తే బకెట్టు పిండి ఇస్తానన్నారు. అది పట్టుకుని పోతా."

"నీ కడుపులో ఉన్నోడికి సాళ్ళ లెక్క తెలీదే పిచ్చిదానా."

తెలియలేదు. మర్నాడు తెల్లవారుతుండగానే నొప్పులొచ్చాయి. సైకిలు మీద మనుషుల్ని మోసి బతికే మయేసోను పిలిచారు. వెనక సీటు మీద లోఫీనాను కూర్చోబెట్టి, పడిపోకుండా అవ్వ పక్కన పట్టుకుని నడిచింది. రాత్రంతా కురిసిన వానకు దారి ముద్దలా ఉంది.

"నా సీటు మీద ఇది ఏడో కాన్పు అవ్వా. ఒక్కరన్నా బిడ్డకి నా పేరు పెట్టారా? అందరికీ నర్సుల పేర్లే." మయేసో రొప్పుతూనే వాగుతున్నాడు.

"నీ పేరు పెడితే అది కూడా చక్రం గాలి పోయినట్టే ఏడుస్తుంది. రోడ్డు చూసి తొక్కు."

లోఫీనా కూడా నవ్వింది. అదే ఆ రోజు ఆమె నవ్విన చివరి నవ్వు.

వాగు దగ్గర దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి దాటారు. అవతలి గట్టెక్కగానే లోఫీనా మామిడి చెట్టు పట్టుకుని కూలబడింది. అవ్వ వంగి చూసింది. బిడ్డ తల వెంట్రుకలు కనపడుతున్నాయి. ఇంకో నాలుగు నొప్పులు, మహా అయితే ఐదు.

"వచ్చేస్తున్నాడు అమ్మమ్మా. పట్టుకో."

మయేసో మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. "పట్టుకో అవ్వా. నేనేం చూళ్ళేదు. ఎవరడిగినా చెప్పను."

"బిడ్డ ఏడవదా? ఊరు వినదా? ఆస్పత్రి కాగితం ఏదని చిముతు అడగడా?"

అవ్వ చేతులు అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి. ఆ చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ మిట్ట మీద ఆస్పత్రి రేకులు మెరుస్తున్నాయి. ఇంటి దగ్గర కట్టేసి ఉన్న మేక తలపుకొచ్చింది. చాప మీద చల్లబడిపోయిన చిముతు చెల్లెలూ తలపుకొచ్చింది. రెంటిలో ఏది ముందొచ్చిందో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆమెకు తేలలేదు. మేకే ముందొచ్చిందేమోనని ఆమె భయం.

"కాళ్ళు దగ్గరికి పెట్టుకోవే. ముక్కొద్దు. నోటితో ఊదుతూ ఉండు. అదిగో, వచ్చేశాం."

"నావల్ల కాదు అమ్మమ్మా."

"అవుతుంది. చెప్పిన మాట విను."

ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే పొడుగాటి చితేంజె గుడ్డను తన భుజం మీంచి తీసి, మనవరాలి తొడలు రెండూ చేర్చి బిగించి కట్టింది. ముప్పై ఏళ్ళలో ఏ తల్లికీ అలా చేయలేదు. మయేసో అది చూశాడు. ఆ తర్వాత దారి పొడుగునా అతని నోటి వెంట ఒక్క జోకు రాలేదు.

దగ్గర్లో కనపడే మిట్ట ఎక్కేసరికి గంట పట్టింది. చక్రం రెండుసార్లు బురదలో దిగబడింది. లోఫీనా మొదట అరిచింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత అదీ మానేసింది.

ఆస్పత్రిలో ఒక్కతే నర్సు, పేరు తమందాని. అప్పటికే ఇద్దరు బాలింతలతో సతమతమవుతోంది. గుడ్డ విప్పగానే బిడ్డ జారి వచ్చాడు. మగపిల్లవాడు. నిండుగా, బరువుగా, నేరేడు పండు రంగులో ఉన్నాడు. నర్సు వాడి నోటికి గాలి తిత్తి పెట్టి ఒత్తింది, గుండె మీద నొక్కింది, మళ్ళీ ఒత్తింది. తన చెమట వాడి మీద పడుతున్నా ఆపలేదు. చాలాసేపటికి ఆపేసి, లోఫీనాకు రక్తం ఆపే సూది వేసింది. తల్లి బతికింది.

"తల ఎప్పుడు కనపడింది అవ్వా?" రిజిస్టరు తెరిచి అడిగింది.

"మీ గేటు దగ్గర."

నర్సు లోఫీనా తొడల మీది గుడ్డ వాతలు చూసింది. అవ్వ మొహం చూసింది. ఆస్పత్రిలో కాన్పు అని రాసుకుంది.

మధ్యాహ్నానికి లోఫీనా కళ్ళు తెరిచింది.

"వాగు దగ్గర నువ్వు పట్టుకునుంటే బతికేవాడా?"

దేవుడి రాత అనేయవచ్చు. అందరూ అనే మాటే. కానీ బిడ్డ పోయిన తల్లికి ఎనెలేసి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"బతికేవాడు."

లోఫీనా గోడ వైపు తిరిగి పడుకుంది. అవ్వ ముట్టుకోబోతే భుజం విదిలించుకుంది.

ఊపిరి తీయకుండా పుట్టిన బిడ్డను ముసలమ్మలే పూడ్చాలి. మగవాళ్ళు గుంత దగ్గరికి రాకూడదు, ఏడుపులు పెట్టకూడదు. అవ్వ బిడ్డను గుడ్డలో చుట్టి వీపుకు కట్టుకుని, బతికున్న బిడ్డను మోసినట్టే మోసుకుంటూ ఊరికి నడిచింది. మయేసో ముందే కబురు చేర్చాడు, శ్మశానం మొదట్లో పారలతో ఇద్దరు ముసలమ్మలు కాచుకుని ఉన్నారు. వాళ్ళతో చిముతు కూడా ఉన్నాడు.

"ఆస్పత్రిలోనే కదా అవ్వా పుట్టింది?"

"ఆస్పత్రిలోనే."

"మంచి పని చేశావు. పిల్ల దక్కింది." అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "అప్పట్లో ఈ బుద్ధి మనకుంటే నా చెల్లెలూ దక్కేది."

ఆ మెచ్చుకోలు అవ్వకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

"వాగు దగ్గరే పుట్టబోయాడు నాయనా. నేనే పుట్టనివ్వలేదు. కాళ్ళు కట్టేశాను. మేక పోతుందని."

చిముతు ముసలమ్మల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. సోమవారం రాజధాని నుంచి ఆరోగ్యశాఖవాళ్ళొస్తున్నారు. తెల్లవాళ్ళు కూడా వస్తారట, ఇంటి కాన్పులు మానేసిన మన ఊరు చూడ్డానికి."

"వస్తారు నాయనా. అందరూ వస్తారు. వీడొక్కడే రాలేదు."

అతను ఆమె వెంట రెండడుగులు వేశాడు. గుంత దగ్గరికి మగవాళ్ళు రాకూడదు కాబట్టి అక్కడే ఆగిపోయాడు. ఎనెలేసి వీపు మీది ముడి విప్పి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని కింద కూర్చుంది. వాడి తలను అరచేతిలో పట్టుకుంది.