మూడో పిల్లరులో మనిషి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, వంక మీది వంతెనకు మూడో పిల్లరు దగ్గర ప్రతి అమావాస్య మధ్యాహ్నం ఉచ్చీరమ్మ జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి పెట్టేది. పెట్టి, గుండ్రాయితో పిల్లరును మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేది. ఊరు ఆమెకు పిచ్చి అంది. అననీ! పంతొమ్మిదేళ్ళలో ఒక్కరైనా పక్కన నిలబడి విన్నారా?

ఆ పిల్లరుకు గుంత తవ్వేటప్పుడు మట్టి విరిగి ఆమె మొగుడు గోవిందు మీద పడిందని తోటి కూలీ ఒకడు చెప్పాడు. కాంట్రాక్టరు మహానుభావుడు గుంత తోడించలేదు. గబగబా కాంక్రీటు పోయించి, కూలీ పారిపోయాడని కాగితం రాయించాడు. చెప్పినవాడు వారం తిరక్కుండానే మాట మార్చి ఊరే వదిలిపోయాడు. అప్పటికి కూతురు వనజ చంటిది.

ఉచ్చీరమ్మ బొట్టు తీయలేదు. పిల్లరులో ఉన్నాడా? లేక నిజంగానే తనను వదిలేసి పోయాడా? ఈ రెండో మాట ఆమె ఎవరితోనూ అనలేదు. రాయితో కొట్టినప్పుడల్లా లోపలి నుంచి ఖంగుమని పలికేది. ఉన్నాడులే అనుకునేది. ఆ పలుకుతోనే ఆమె కాపురం చేసింది.

రెండేళ్ళ కిందట వంకకు వరద వచ్చిపోయాక ఆ గొంతు బొంగురుపోయింది. ఆమె నోరు మెదపలేదు.

ఈ ఉగాదికి ఎవరో వచ్చి పిల్లరు పిల్లరుకూ చిన్న పెట్టె బిగించి పోయారు. ఆషాఢంలో వాటిని చూడ్డానికి రష్మి అనే ఇంజనీరు వచ్చింది. ఆదోని పిల్లే.

"ఏంటివి మేడమ్మా?"

"వంతెన వణుకును వింటాయమ్మా. లారీ పోతే ఎట్ల వణికింది, ఎంతసేపటికి కుదురుకుంది అని. లోపల దెబ్బ తగిలింటే ఆ వణుకు మారిపోతుంది."

"మారితే ఏం సేస్తారు?"

"పగలగొట్టి కొత్తది కట్టాల."

ఉచ్చీరమ్మకు భయం పట్టుకుంది. పగలగొడితే లోపల ఏముందో తెలిసిపోతుంది. ఏమీ లేకపోతే? ఇన్నేళ్ళూ ఎవరికి రొట్టె పెట్టినట్టు?

తర్వాతి అమావాస్యకు ఆమె తెలివి చూడండి! రొట్టె మూడో పిల్లరుకే పెట్టింది, రాయి దెబ్బలు మాత్రం రెండో పిల్లరుకు కొట్టింది. పెట్టెకేం తెలుసు ఎవరి గొంతో, మంచి పలుకు వింటే చాలదా అనుకుంది. రెండోది గంటలా మోగింది. అది విన్నాకే మూడోదానికి ఎంత జబ్బు చేసిందో ఆమెకు తెలిసింది. వనజ రోజూ షేరాటోలో ఆదోని పత్తిమిల్లుకు పోయేది ఆ వంతెన మీదే. కన్నబిడ్డను తండ్రి పడేస్తాడా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ మర్నాటి నుంచి మొదలైంది. పట్టపగలు చేలో కలుపు తీస్తుంటే వెనక ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపించేది. తిరిగి చూస్తే నరమానవుడు లేడు. ఇంట్లో రొట్టె తడుతుంటే, గుమ్మంలో ఎవరో నడుం వంగిపోయి నిలబడినట్టుండేది. తలెత్తితే ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. ముద్ద మింగుడుపడక ఆమె నెలలోనే సగమైంది.

మళ్ళీ అమావాస్య వచ్చేసరికి వంతెన కింద రష్మి కాచుకుని ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి గీతలు చూపించింది.

"ఇవి మీ దెబ్బలే కదమ్మా? ప్రతి అమావాస్యా మూడో పిల్లరు మీద మూడు. పిల్లకాయల ఆటలే అనుకుని తీసేయబోయినా. చూస్తే, నెలనెలా ఆ పలుకు కిందికి దిగుతా ఉంది. పోయిన నెల మాత్రం దెబ్బలు పక్క పిల్లరు మీదికి పోయినాయి. ఎందుకు?"

"మర్సిపోయి కొట్టినా."

"మూడుసార్లూ మర్చిపోయినారా?"

ఉచ్చీరమ్మ మూట విప్పి రొట్టె మూడో పిల్లరు దగ్గర పెట్టింది.

"అమ్మా, వరద దీని కాళ్ళ కింద మట్టిని కోసేసింది. ఇది నిలబడి లేదు, వేలాడతాంది. బండ్లు ఈ రోజే ఆపించాల."

అప్పుడే పైన షేరాటో వచ్చింది. రెండు గంటల షిఫ్టుకు పోతున్న ఆడవాళ్ళతో కిక్కిరిసి ఉంది. అందులోంచి వనజ తల బయటికి పెట్టి, "అమ్మా, ఎండకు ఆడేం సేస్తాండావు? ఇంటికి పో!" అని అరిచింది. ఆటో వెనకే పత్తి లారీ.

పిల్లరు మూలిగింది. పైనుంచి పెళ్ళలు రాలి రొట్టె మీద పడ్డాయి. ఉచ్చీరమ్మ ఒక్క ఉదుటున పోయి, పడిపోయేవాడిని పట్టుకున్నట్టు పిల్లరును రెండు చేతులా వాటేసుకుంది. ఇన్నాళ్ళూ చెవి ఆనించిందే కానీ ఒళ్ళు ఆనించింది లేదు. బస్తా మోయలేక మోకాళ్ళు వణికే హమాలీలా అది వణుకుతోంది. ఆటో దాటిపోయింది. లారీ కనుమరుగైంది. ఆ వణుకు మాత్రం ఎంతకీ ఆగలేదు.

"వచ్చేయండమ్మా ఇవతలికి!" అని రష్మి కేక వేసింది.

ఉచ్చీరమ్మ ఏడ్చింది. పంతొమ్మిదేళ్ళ ఏడుపు అది, ఒకపట్టాన తెమల్లేదు.

"మా ఇంటాయప్ప దీన్లో ఉండాడో ల్యాడో నాకు తెలీదు మేడమ్మా." ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. "ఉంటే మాత్రం ఇంక మోయల్యాడు. నా బిడ్డ పైనే పోతాండాది. పగలగొట్టండి."

రష్మి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది.

"ఎముకలు కనబడితే నన్ను పిలువు," అంది ఉచ్చీరమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ అంది. "కనబడకపోయినా పిలువు."