పక్క గదిలో నా మాటలు

పాలు కాచాలి. అత్తయ్యకు పరగడుపున వేసుకునే మాత్ర ఇవ్వాలి. మోటారు వేసి, ట్యాంకు నిండాక గుర్తుపెట్టుకుని ఆపాలి. మూడు డబ్బాలు సర్దాలి. అమ్మాయికి జడ వెయ్యాలి, వద్దంటుంది, అయినా వెయ్యాలి. ఏడో తరగతి డిక్టేషన్ పేపర్లలో మిగిలినవి దిద్దాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. ఇస్త్రీ చేస్తూ ఆయనకు నాలుగో అంకం చెప్పాలి.

ఆ చివరి పని ఎవరికీ కనిపించదు. చొక్కా అయితే ఒంటిమీద ఉంటుంది, మడత నలగలేదని ఎవరైనా మెచ్చుకుంటారు. అంకం అలా కాదు. నా నోట్లోంచి ఆయన చెవిలో పడి, బడి గేటు దాటేసరికి ఆయన సొంతమైపోతుంది.

మేమిద్దరం ఒకే హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్లం. ఒకే ఏడు చేరాం. మధ్యలో కాన్పుకి నేను సెలవు పెట్టాను, ఆయన పెట్టనవసరం లేకపోయింది. దాంతో ఆయన సీనియర్ అయ్యారు. ఆయనకు పదో తరగతి, నాకు ఏడో తరగతి. ఒకసారి హెడ్మాస్టర్ని అడిగాను, పదో తరగతి పాఠం నాకూ ఇవ్వమని. ఆయన చాలా మర్యాదగా నవ్వి, "ఒకే ఇంటివాళ్ళు, ఎవరు చెప్తే ఏముందమ్మా. గరిటె ఎవరి చేతిలో ఉన్నా కూర ఒకటే కదా" అన్నారు. గరిటె ఎప్పుడూ నా చేతిలోనే ఉందని, వడ్డించిన పేరు మాత్రమే నాది కాదని ఆ గదిలో నిలబడి చెప్పలేకపోయాను. సరే సార్ అని వచ్చేశాను.

పదో తరగతికి ఒక పాత ఇంగ్లీషు విషాద నాటకం పాఠంగా ఉంది. ఒక సేనాపతి తన భార్యను అనుమానించి, చేజేతులా చంపుకుంటాడు. ఆ అనుమానాన్ని చుక్క చుక్కగా చెవిలో పోసేది అతని దగ్గర నమ్మకంగా పనిచేసే మనిషి. సాక్ష్యమల్లా ఒక చేతిరుమాలు. సేనాపతి ప్రేమగా భార్యకిచ్చిన రుమాలు ఎక్కడో జారిపడితే, దాన్ని తీసి ఆ నమ్మకస్తుడి చేతిలో పెట్టేది ఎవరో కాదు, అతని పెళ్ళామే. సేనాపతి భార్యకు తోడుగా ఉండే మనిషి ఆమె.

ఆ నాటకం నేను కాలేజీలో చదివాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అర్థం కాకపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో మాటా ఏరుకుని చదివాను. అలా చదివింది ఒంట్లోకి ఇంకిపోతుంది. ఆయనకు ఆ అవసరం పడలేదు. చిన్నప్పటినుంచీ ఇంటికి ఇంగ్లీషు పేపరు వచ్చేది, గొంతు బాగుంటుంది, నిలబడితే తరగతి నిశ్శబ్దమవుతుంది. "ఆ పాత ఇంగ్లీషు చదివితే తలనొప్పే. నువ్వు టూకీగా చెప్పెయ్, నేను అల్లుకుంటాను" అంటారు. నేను చెప్తాను. ఆయన అల్లుకుంటారు.

మా రెండు తరగతులూ ఒకే హాల్లో ఉన్నాయి. మధ్యలో గోడ లేదు, చెక్క పలకలు బిగించారు. ఏడో తరగతికి స్పెల్లింగులు రాసుకోమని చెప్పి నేను ఆ పలకల పక్కనే కుర్చీ వేసుకుంటాను. అవతల ఆయన గొంతు. "అనుమానం ముందే ఇల్లు కట్టేసుకుంటుంది. రుమాలు వచ్చి తాళం వేస్తుంది, అంతే." ఆ మాట పొద్దున కాలర్ మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ నేనన్నది. మాట మార్చలేదు, మధ్యలో నేను ఆగినచోట ఆయన కూడా ఆగారు. అవతల తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి వింటున్నట్టు తెలుస్తుంది. నా ఎదురుగా ఏడో తరగతివాడు ఎవడో పక్కవాడి రబ్బరు లాక్కుంటూ, "కామా మేడం చూస్తోందిరా" అంటున్నాడు. కామాలు దిద్దీ దిద్దీ నాకు వచ్చిన పేరు అది.

అసూయ అంటే ఏమిటో ఆ నాటకంలో నేను చదివింది కొంతే. పలకల పక్కన కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. ఆయన గొంతు మీద అసూయ. ఆ నిశ్శబ్దం మీద అసూయ. ఆయన వేళ్ళకు అంటిన చాక్‌పీసు పొడి మీద కూడా. నా వేళ్ళకూ అదే పొడి అంటుతుంది, కానీ అది డిక్టేషన్ పొడి. కట్టుకున్నవాడి మీద అసూయపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. భర్తకు పేరొస్తే భార్యకు వచ్చినట్టేనని అత్తయ్య అంటారు. అయితే నాకు పేరొస్తే ఆయనకు వచ్చినట్టు ఎందుకు కాదో అత్తయ్యను అడగలేదు. ఆవిడ మాత్రం ఎవరినైనా ఏం అడగగలిగారు గనక.

మా అమ్మాయి ఆ పదో తరగతిలోనే ఉంది. అసలు మంట అక్కడ. ఒక సాయంత్రం సంచి ఇంకా భుజం మీదనుంచి దించకుండానే, "అమ్మా, నాన్న ఇవాళ ఎంత బాగా చెప్పారో తెలుసా" అని మొదలుపెట్టింది. తాళం, ఇల్లు, రుమాలు అన్నీ అప్పజెప్పింది. నేను బట్టలు మడతపెడుతూ, "అవునా" అన్నాను.

"నువ్వు కూడా అలా చెప్పచ్చుగా. ఎప్పుడూ కామాలూ ఫుల్‌స్టాపులేనా?"

నవ్వాను. ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటే మళ్ళీ విప్పి మడతపెట్టానని అమ్మాయి చెప్తేగానీ తెలియలేదు.

ఆ నెలలోనే ట్రైనింగుకి ఒక కొత్త టీచర్ వచ్చింది. చురుకైన పిల్ల. ఆయన తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని పాఠం వినేది. ఒకరోజు కారిడార్లో నన్ను ఆపి, "మేడం, ఆడవాళ్ళ మనసు సార్‌కి ఎంత బాగా తెలుసో. మీరు అదృష్టవంతులు" అంది. స్టాఫ్ రూంలో లెక్కల టీచర్ నా పక్కకు జరిగి, "చూసుకోవమ్మా, కొత్త పిల్ల పదో తరగతి గది వదలట్లేదు" అంది. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీదా నాకు అసూయే. కానీ వాళ్ళనుకున్నది కాదు. నా పాఠాన్ని ఎదురుగా కూర్చుని వినే హక్కు ఆమెకుంది. నేను చెక్క సందుల్లోంచి వినాలి.

ఆ నాటకంలో ఒక్క విషయం మాత్రం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ నమ్మకస్తుడి పెళ్ళాం రుమాలు ఎందుకిచ్చింది అన్నది. గైడ్లలో ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, అజాగ్రత్త అనో, బుద్ధి తక్కువ అనో. నాకు వేరే జవాబు తెలుసు. దాన్ని ఎవరికీ పెట్టకుండా దాచుకున్నాను. అది కూడా ఆ పలకల అవతలనుంచి ఆయన గొంతులో వినబడితే, ఇక నాకంటూ ఏం మిగలదనిపించేది.

ఆ పొద్దున ఆయన సరిగ్గా అదే అడిగారు. ఇస్త్రీ బల్ల పక్కన బనీనుతో నిలబడి, "ఇవాళ పిల్లలకు వేషాలు పంచి చదివిస్తున్నాను. మన అమ్మాయికి ఆ రుమాలిచ్చిన మనిషి వేషం వచ్చింది. ప్రశ్నలతో చంపుతోంది. అసలు ఆవిడ ఎందుకిచ్చిందంటావ్?"

"తెలీదండీ."

"నీకు తెలీదా?"

"తెలీదు."

ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, నవ్వడం మొదలుపెట్టారు. "అదా సంగతి. లెక్కలావిడ ఏదో కూసిందన్నమాట. పిచ్చిదానా, ఆ పిల్ల నాకు చెల్లెల్లాంటిది." ఆ నవ్వులో కోపం లేదు, సంతోషం ఉంది. చొక్కా వేసుకుని, అద్దం ముందు రోజూకంటే కాస్త ఎక్కువసేపు దువ్వుకున్నారు. హాల్లోంచి అత్తయ్య, "మగాడు బయట నలుగురితో మాట్లాడతాడు అమ్మాయ్. అన్నీ మనసుకు పట్టించుకుంటే కాపురాలు చెయ్యలేం" అన్నారు. భార్య అసూయపడుతోందంటే అది తన గురించే అయ్యుంటుందని ఆయనకు ఎంత నమ్మకమో చూస్తూ, ఇస్త్రీపెట్టె తీగ చుట్టాను.

బళ్ళో మాకొక పద్ధతుంది. పాఠం మధ్యలో ఎక్కడైనా చిక్కుకుంటే, డస్టర్ తెమ్మని ఆయన ఒక పిల్లనో పిల్లాణ్ణో నా తరగతికి పంపిస్తారు. నేను డస్టర్ పట్టుకుని కారిడార్లోకి వెళ్తాను. ఆయనా వస్తారు. రెండు ముక్కలు చెప్తాను. ఆయన లోపలికి వెళ్ళిపోతారు. ఇంతకాలంలో ఎవరికీ అనుమానం రాలేదు. అంత డస్టర్ కరువు ఆ తరగతికి ఎందుకొచ్చిందని కూడా ఎవరూ అడగలేదు.

ఆరోజు పలకల అవతలనుంచి మా అమ్మాయి గొంతు వినబడింది. "మరి ఆమె అంత తెలివైన మనిషి కదా నాన్నా... సార్. మొగుళ్ళ గురించి అన్ని మాటలు అంటుంది కదా. అలాంటిది రుమాలు ఎందుకిచ్చేసింది?"

"అజాగ్రత్త. తర్వాతి పేజీ."

"అజాగ్రత్త కాదు సార్. చాలాసార్లు అడిగాడని తనే చెప్తుంది. గుర్తుపెట్టుకుని మరీ ఇచ్చింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపు మాటల్లేవు. ఆ నిశ్శబ్దం నేను రోజూ కుళ్ళుకునే నిశ్శబ్దం కాదు. తర్వాత మా అమ్మాయే నా గుమ్మంలో నిలబడింది. "మేడం, సార్ డస్టర్ అడుగుతున్నారు" అంది. అని, మెల్లగా, "అక్కడ ఉందమ్మా. టేబుల్ మీదే ఉంది" అంది.

కారిడార్లో ఆయన నిలబడి ఉన్నారు. నేను రాగానే తల దగ్గరగా వంచారు. రోజూ వంచినట్టే. ఆ వంగిన తలను చూశాను. ఇన్నేళ్ళూ ఆ జవాబును నాటకంలోంచి ఏరుకున్నాననుకున్నాను. అది ఈ కారిడార్లోదే.

"త్వరగా చెప్పు" అన్నారు.

"మా పిల్లలు స్పెల్లింగులు రాస్తున్నారు. కాస్త చూస్తుండండి" అని, ఆయన పక్కనుంచి పదో తరగతిలోకి వెళ్ళాను.

పిల్లలు లేచి నిలబడ్డారు. వెనక బల్ల మీద కొత్త టీచర్ కూడా లేచింది. కూర్చోమన్నాను. అమ్మాయి వైపు చూడకుండా మొదలుపెట్టి, సగంలో అమ్మాయినే చూస్తూ చెప్పాను.

"ఆమె మొగుడు ఆమెతో సరిగ్గా మాట్లాడడు. నలుగురిలో వెక్కిరిస్తాడు. నోరెక్కువంటాడు. ఆమె దగ్గర అతనికి కావలసిందేదీ లేదు. అలాంటివాడు ఒక్క వస్తువు కోసం మాత్రం పదేపదే దగ్గరికొచ్చి అడిగాడు. బతిమాలాడు. ఎందుకని ఆమె గట్టిగా అడగలేదు. అడిగితే ఆ దగ్గరితనం పోతుందేమోనని భయం. అతను తనవైపు తిరిగేది ఆ కాసేపే. అందుకే ఇచ్చింది. తెలివి లేక కాదు. ఇవ్వడం ఆమెకు ఇష్టమైంది."

ఎవరూ కదల్లేదు. అమ్మాయి పుస్తకం మూసేసింది. నన్ను చూసింది, తర్వాత గుమ్మం వైపు చూసింది. అక్కడ ఆయన ఉన్నారు. మళ్ళీ నన్ను చూసింది. ఆ చూపులో అది ఎంతదాకా చదివిందో నాకు తెలుసు. ఇల్లూ తాళమూ ఎవరివో దానికి తెలిసిపోయింది.

"మరి తర్వాత, మేడం?" అంది. అమ్మా అనలేదు. ఆ మేడం నాకు కొత్తగా వినబడింది.

"చదువు. చివరి అంకం నీదే" అన్నాను.

ఆ రోజు ఇంట్లో ఆయన గట్టిగా అరవలేదు. "పిల్లల ముందు నన్ను నిలబెట్టావ్" అన్నారు. "నిలబెట్టలేదండీ, నేను నిలబడ్డాను" అన్నాను. అత్తయ్య పళ్ళెంలోంచి తలెత్తి నావైపు చూశారు. మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరకొచ్చి అలవాటుగా నిలబడ్డారు. చొక్కా అందించాను. ఇంకా నిలబడే ఉన్నారు. "పుస్తకం బల్ల మీద ఉంది, డిక్షనరీ పక్కనే ఉంది" అన్నాను. ఆ కాసేపు మా మధ్య ఇక ఉండదని అప్పుడు తెలిసింది. బాధేసింది. బాధ లేదంటే అబద్ధం. హెడ్మాస్టర్ గారి గదికి ఆ రోజే మళ్ళీ వెళ్ళాను. ఈసారి నవ్వితే నవ్వనీ, జవాబొచ్చేదాకా లేవకూడదనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మీరెప్పుడైనా ఆ నాటకం చదివితే, చివర్లో పరుపు మీద చనిపోయి ఉన్న సేనాపతి భార్య కోసం ఏడుస్తారు. ఏడవాల్సిందే. పక్కనే ఇంకొకామె కూడా చనిపోయి ఉంటుంది. రుమాలు తీసిచ్చింది తనేనని అందరి ముందూ చెప్పిన మనిషి. నోరు మూసుకుని ఇంటికి పొమ్మని మొగుడు కత్తి దూసినా పోకుండా నిలబడి చెప్పింది. గైడ్లలో ఆమెకు ఒక్క ముక్కే ఉంటుంది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.