గడ్డి గోదాములో రెజిమెంట్

ఫిరంగి పేల్చేవాడికి గుండు ఎవరి మీద పడుతుందో కనిపించదు. ఈ సంగతి మద్దిలేటికి చెప్పినవాడు ఇవర్సెన్ అనే డెన్మార్క్ మనిషి. చెప్పిన చోటు కబ్ద్ ఎడారిలో ఒక పాల ఫారం, అందులో గడ్డి దాచే గోదాము. అప్పటికి ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి కొన్ని వారాలైంది.

ఫారం యజమాని, అంటే వీళ్ల కఫీల్, సైన్యం వచ్చిన రోజే పెళ్లాం బిడ్డల్ని కార్లలో ఎక్కించుకుని సౌదీకి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆవులు జాగ్రత్త అన్నాడు. మనుషుల మాట ఎత్తలేదు. ఆవులు ఖరీదైనవి మరి. మిగిలింది ముగ్గురు, ముగ్గురూ రాయచోటి వైపు వాళ్లే. పాలు పితికే మద్దిలేటి, దూడల్ని చూసే ముసలి పుల్లయ్య, మద్దిలేటి తోడబుట్టిన పెద్దక్క. ఆమె కువైట్ నగరంలోని బ్నీద్ అల్ గార్‌లో కఫీల్ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటికి తాళం పడ్డాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నాలుగో మనిషి ఇవర్సెన్. పాలు పితికే మిషన్లు బాగు చేయడానికి వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక ఇరుక్కుపోయాడు.

ఇరాక్ సైనికులు తెల్లవాళ్లను ఎక్కడున్నా వెతికి పట్టుకుంటున్నారని ఫారానికి నీళ్ల ట్యాంకర్ తెచ్చే తెలుగాయన బుడేన్ సాహెబ్ చెప్పాడు. పట్టుకున్నవాళ్లను షుఐబాలో చమురు ఫ్యాక్టరీల దగ్గర కూర్చోబెడుతున్నారట, అమెరికా బాంబు వేస్తే ముందు వాళ్ల మీదే పడాలని. హిందీ, అంటే ఇండియావాడినని చెబితే మాత్రం వదిలేస్తున్నారు. ఈ మాట విన్న పెద్దక్క ఎవరి సలహా అడగలేదు. ఇవర్సెన్ పెట్టెను తనే గోదాములోకి మోసి, అతన్ని ఒక మూల దాచి, ముందు గడ్డి మోపులు గోడలా పేర్పించింది.

"మనింట్లో బువ్వ తిన్న మనిషి. మనం ఉండంగ ఎట్ల పట్టుకపోతారో సూస్తాం" అంది.

"ఏ మాత్రం అనుమానమొచ్చినా నాకు చెప్పండక్కా. ట్యాంకర్లో నీళ్లు పారబోసి, సారును లోపల కూసోబెట్టుకుని దాటిస్తా" అన్నాడు బుడేన్ సాహెబ్. ఆయన ఉత్తినే మాట ఇచ్చే రకం కాదు.

గోదాములోకి తిండి తీసుకెళ్లే పని మద్దిలేటిది. ఇద్దరూ మాట్లాడుకునేది ఇద్దరికీ సొంతం కాని అరబ్బీలో. పనివాళ్ల అరబ్బీకి వ్యాకరణం లేదు కాబట్టి ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఇవర్సెన్ వయసులో ఉన్నప్పుడు తన దేశంలో ఫిరంగుల రెజిమెంట్‌లో పనిచేశాడట. చీకట్లో ఊరికే కూర్చుని కూర్చుని మనిషికి పిచ్చెక్కేలా ఉంది. ఒకరోజు ఖాళీ టమాటా డబ్బాలు నేల మీద పేర్చి ఆ రెజిమెంట్ ఎలా ఉంటుందో చూపించడం మొదలుపెట్టాడు.

ఆరు ఫిరంగులు కలిస్తే ఒక బ్యాటరీ. కొన్ని బ్యాటరీలు కలిస్తే బెటాలియన్. బెటాలియన్లన్నీ కలిపి రెజిమెంట్. అందరికన్నా ముందు, గుట్ట మీద ఒకడు దుర్భిణీ పట్టుకుని పడుకుంటాడు. వాడు చూస్తాడు, పేల్చడు. వాడు వైర్‌లెస్‌లో చెప్పింది విని ఇంకొకడు గుడారంలో లెక్క కడతాడు. వాడు చూడడు, పేల్చడు. ఎక్కడో వెనక, గుట్ట చాటున ఉన్నవాళ్లు ఆ లెక్క ప్రకారం ఫిరంగి తిప్పి పేలుస్తారు. వాళ్లు చూడరు.

"మరి చచ్చినవాళ్ల పాపం ఎవరికి తగులుతుంది?" అని అడిగాడు మద్దిలేటి.

"ఎవరికీ ఎక్కువ తగలకూడదనే అంతమందిని పెట్టారు" అన్నాడు ఇవర్సెన్.

ఇంకో విషయం నొక్కి చెప్పాడు. ఫిరంగుల్ని ఎప్పుడూ ఒక వరసలో, దగ్గర దగ్గరగా పెట్టకూడదు. పైనుంచి ఒక్క విమానం వచ్చినా అన్నీ పోతాయి. వంకరటింకరగా, ఎడం ఎడంగా పరచాలి. డబ్బాలు అటూ ఇటూ జరిపి, మద్దిలేటి చేత కూడా జరిపించాడు.

రెజిమెంట్ చరిత్ర కూడా చెప్పాడు. ఎప్పుడో రాజుల కాలంలో పెట్టిన దళమది. పేరు మార్చారు, ఊరు మార్చారు, ఇంకోదాంట్లో కలిపారు, మళ్లీ విడదీశారు. వెనకటి ఒక యుద్ధంలో జర్మన్లు దూరం కొట్టే ఫిరంగులు తెచ్చారు. వీళ్లవి అంత దూరం అందవు. తిరిగి కొట్టలేక మట్టిగోడల వెనక కూర్చుని చచ్చిపోయారు. జర్మన్లు రెండోసారి వచ్చినప్పుడు ఇవర్సెన్ తండ్రి ఆ రెజిమెంట్‌లోనే ఉన్నాడు. ఆయన ఫిరంగి మీద కప్పిన గుడ్డ తీసేలోపే లొంగిపొమ్మని పైనుంచి ఆర్డరు వచ్చేసింది.

"ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా చచ్చేదాకా సిగ్గుపడ్డాడు" అన్నాడు ఇవర్సెన్. "నన్ను పట్టుబట్టి అదే రెజిమెంట్‌లో చేర్పించాడు. నేను చేరితే ఆయన సిగ్గు పోతుందా?"

మద్దిలేటికి లోపల ఎంతో గొప్పగా అనిపించింది. ఊళ్లో గానీ, ఇక్కడ గానీ, ఇది తియ్యి, అది కడుగు అన్నవాళ్లే తప్ప, కూర్చోబెట్టి తండ్రి సంగతి చెప్పుకున్న మనిషి అతనికి తగల్లేదు. పాలు పితుకుతూ కూడా మనసులో డబ్బాలు జరుపుకునేవాడు.

ఇలా ఉండగా ఫారం పక్కన బయలులో ఇరాక్ వాళ్ల ఫిరంగులు దిగాయి. సరిగ్గా ఆరు. వాటి మీద అధికారి హాతెం అనే ములాజిం, అంటే లెఫ్టినెంట్. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. హిందీ సినిమా పాటలు కూనిరాగం తీస్తూ, రోజూ తన మనుషులకు పాలు పోయించుకునేవాడు. క్యాన్లు మోసుకెళ్లి పోసేది మద్దిలేటే.

ఒక పొద్దున పాలు పోస్తుంటే ఒక సైనికుడు ముక్కు మూసుకున్నాడు. "ఈ హిందీ వస్తే చాలు, పేడకుప్ప నడిచొచ్చినట్టుంది" అన్నాడు. ఇంకొకడు ఫిరంగి గొట్టం తట్టి, "ఏయ్ హిందీ, దీన్ని పితికితే పాలొస్తాయనుకుంటున్నావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ములాజిం కూడా నవ్వాడు.

మద్దిలేటికి అరికాలి మంట నెత్తికెక్కింది. క్యాను కింద పెట్టాడు.

"ఆరూ ఒక్క వరసలో పెట్టుకున్నారే. ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్క విమానం పోతే అన్నీ ఖలాస్" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఏ కాకమ్మ కథో చెప్పి తప్పించుకునేవాడు. కానీ వాళ్లు నోళ్లు తెరుచుకుని చూడటం అతనికి భలేగా ఉంది. పుల్ల తీసుకుని ఇసకలో గీశాడు. ఒకటి ఇక్కడ, ఇంకొకటి వెనక్కి, మూడోది అంత ఎడంగా. లెక్క కట్టే గుడారం ఇక్కడుండాలి, దుర్భిణీ మనిషి అదిగో ఆ దిబ్బ మీద ఉండాలి, ఏడీ వాడు అని అడిగాడు.

ములాజిం వంగి ఆ గీతల్ని చాలాసేపు చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇండియాలో. మిలిటరీలో చేశాను."

"ఏ ఫిరంగి మీద?"

మద్దిలేటికి ఒక్క ఫిరంగి పేరు కూడా తెలియదు. ములాజిం జేబులోంచి సిగరెట్ తీసి ఇచ్చాడు. "మాకు నేర్పింది రష్యా పద్ధతి. నువ్వు గీసింది అవతలి పక్షం, అమెరికా వైపు వాళ్ల పద్ధతిలా ఉంది" అన్నాడు తాపీగా. "మంచిది. యల్లా, పాలు పొయ్యి."

తిరిగి ఫారానికి నడుస్తుంటే తానేం చేశాడో మద్దిలేటికి పూర్తిగా అర్థమైంది.

ఫారంలో నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. బుడేన్ సాహెబ్ గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, ఆ టీ పారబోసి లేస్తాడు.

"ఏం మద్దిలేటీ, మొగం అట్ల పెట్టుకున్న్యావు?" అన్నాడు.

"ఎండకు భాయ్."

చెబితే ఎందుకు అనుమానం వచ్చిందో కూడా చెప్పాలి. నాలుగు నవ్వులకు ఉడుక్కుని, దాచిన మనిషి గుట్టు ఇసకలో గీసి వచ్చానని అక్క ముందు, ఈ ముసల్మాను పెద్దమనిషి ముందు, ముఖ్యంగా ఆ ఇవర్సెన్ ముందు చెప్పాలి. మద్దిలేటి ట్యాంకర్ పక్కనుంచి గోదాములోకి వెళ్లాడు. ఇవర్సెన్ గడ్డి పరకలు దులుపుకుంటూ లేచి, బయట ఏమన్నా విశేషముందా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. ములాజిం మరిచిపోతాడులే, సాయంత్రం నిదానంగా చెబుదాంలే అనుకున్నాడు. బయట ట్యాంకర్ స్టార్ట్ అయిన చప్పుడు, గేటు దాటిన చప్పుడు, రెండూ విన్నాడు.

మద్దిలేటి దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే కనీసం ఏదో ఒక లాభం చూసుకునేవాడు. సిగ్గుపడ్డాడు, అంతే. సిగ్గుపడి ఊరుకున్నాడు.

పొద్దు వాలి అసర్ నమాజు అయ్యాక ములాజిం మనుషులతో వచ్చాడు. మద్దిలేటి వైపు కూడా చూడకుండా పశువుల కొట్టాలు, పాలగది, అన్నీ వెతికించాడు. గోదాము దగ్గర పెద్దక్క తలుపుకు అడ్డంగా నిలబడింది. గడ్డి తప్ప ఏమీ లేదని వచ్చిన అరబ్బీలో గట్టిగా చెప్పింది. ఒక సైనికుడు తుపాకీ మడమతో ఆమె భుజం మీద పొడిచాడు. ఆమె పడిపోయింది. పుల్లయ్య లేపడానికి పోతే ఆయన్నీ నెట్టేశారు. సైనికులు ఇనప ఊచలు పట్టుకుని గడ్డి మోపుల్లో గుచ్చబోతుంటే, లోపలినుంచి ఇవర్సెన్ తనే బయటికి వచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

ముందు పెద్దక్కను లేపి కూర్చోబెట్టాడు. తర్వాత ములాజింతో మాట్లాడాడు.

"నేనున్నానని వీళ్లలో ఎవరైనా చెప్పారా?"

"లేదు. వాడు మాకు ఫిరంగులు ఎలా పెట్టుకోవాలో చెప్పాడు" అన్నాడు ములాజిం, మద్దిలేటిని చూపించి.

ఇవర్సెన్ మద్దిలేటి వైపు తిరిగాడు. మద్దిలేటి తల దించుకున్నాడు. తిడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"సరిగ్గా చెప్పాడా?" అని అడిగాడు ఇవర్సెన్.

"ఒక్క తప్పు లేదు."

ఇవర్సెన్ సరే అన్నట్టు తలూపాడు. జీపు ఎక్కాడు. మద్దిలేటికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

జీపు పోయిన తర్వాత పెద్దక్క భుజం పట్టుకుని అక్కడే కూర్చుంది.

"వాళ్లకు అనుమానమొచ్చిందని నీకెప్పుడు తెలిసె?"

"పొద్దన్నే."

"బుడేన్ సాహెబు ఈడనే ఉన్న్యాడు కదరా."

"ఊఁ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్న్యావు?"

"సిగ్గయిందిక్కా."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది.

మర్నాటికి ఫిరంగులు జరిగాయి. వంకరటింకరగా, ఎడం ఎడంగా, ఇసకలో గీసినట్టే. దిబ్బ మీద ఒకడు దుర్భిణీతో పడుకున్నాడు. పాలు తీసుకెళ్తే ముక్కు మూసుకున్న సైనికుడే, "రా ఉస్తాద్" అని లేచి జాగా ఇచ్చాడు. మద్దిలేటి క్యాను అక్కడే వదిలేసి వచ్చాడు.

వారం తిరక్కుండా ములాజిం రెండు పెద్ద క్యాన్ల పెట్రోలు పంపించాడు. ఉస్తాద్‌కు బహుమానమట. కువైట్‌లో ఎంత తిరిగినా చుక్క దొరకని రోజులవి. ఫారంలో పాత పికప్ ఒకటుంది. దాంట్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరితే, అక్కడినుంచి ఇండియా విమానాలు తీసుకెళ్తున్నాయని విన్నారు. మద్దిలేటి ఆ క్యాన్లను కాలితో తన్నబోయాడు.

"నాకొద్దు. దీన్ని ముట్టుకునేది లేదు."

"నాయనా, నేను ఈడ సావలేను" అన్నాడు పుల్లయ్య నెమ్మదిగా.

"ఎత్తి బండ్లో పెట్టు" అంది పెద్దక్క. "వద్దంటే నీ మనసుకు బాగుంటాది. మా గతేంది? నువ్వు తెచ్చిందే గదా, నువ్వే మొయ్యి."

ఆవుల కట్లు విప్పేసి బయల్దేరారు. దారి పొడుగునా వెనక క్యాన్ల చప్పుడు వింటూ బండి నడిపాడు మద్దిలేటి. జోర్డాన్ సరిహద్దులో, డేరాల మధ్య, వెంకటసత్యనారాయణ అనే విజయవాడ ఇంజినీరు వీళ్ల మాట విని తెలుగువాళ్లని పక్కన చేరాడు. పెట్రోలు లేక కారు దారిలో వదిలేసి, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని నడిచొచ్చాడట.

"మీకు పెట్రోలు ఎలా దొరికిందయ్యా? నేనెంత తిరిగినా ఒక్క లీటరు ఇచ్చినవాడు లేడు" అన్నాడు.

మద్దిలేటి అక్క వైపు చూశాడు. ఆమె నీళ్ల డబ్బా మూత తిప్పుతోంది.

"మిలిటరీ వాళ్లకు పాలు పోస్తా ఉంటి సార్. పాలకు బదులు ఇచ్చినారు" అన్నాడు.

"అదృష్టవంతులయ్యా. మంచివాళ్లు దొరికారు మీకు."

పెద్దక్క మూత బిగించి డబ్బా పక్కన పెట్టింది.

"పాలకు గాదు సార్" అంది. "మనిషినిచ్చి తెచ్చుకున్న్యాం."