గంజి, సున్నం, ప్రిన్సిపాల్ గారు

ఆదివారం పొద్దున, నేతచీరకి పెడదామని దాచుకున్న గంజి కనిపించకపోయేసరికి శ్రీదుర్గ ఖాళీ గిన్నె పట్టుకుని మొగుడి ముందు నిలబడింది. పిల్లి తాగి ఉంటుందన్నాడు కనకరాజు, పేపర్లోంచి తలెత్తకుండా.

"తాగాక మూత పెట్టి వెళ్ళే పిల్లిని తాడేపల్లిగూడెంలో నేనెక్కడా చూళ్ళేదండీ."

చీర ముఖ్యమా ఉద్యోగం ముఖ్యమా అని అతను, గంజి అడిగితే ఉద్యోగం ఎందుకొచ్చిందని ఆవిడ, మాటా మాటా పెరిగాక సంగతి బయటపడింది.

కనకరాజు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. కొల్లేటి గట్లనుంచి కప్పలు తెప్పించి కోయించడం ఆ యేడు మానిపించారు. కొత్త పరికరాలు కొనే స్తోమత కాలేజీకి లేదు. ఖర్చులేని ప్రయోగమొకటి సోమవారం చేసి చూపించకపోతే ల్యాబ్ గది కంప్యూటర్లకి ఇచ్చేస్తానన్నాడు ప్రిన్సిపాల్. ఆ గది పోతే కనకరాజు ఇక నల్లబల్ల మీద గుండెకాయ బొమ్మలు గీసుకుంటూ బతకాలి.

గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలమౌతుంది. ఉమ్మి కలిపితే గంజి అరిగి నీలం పోతుంది. బీయస్సీ చదివిన శ్రీదుర్గకి అది తెలుసు. ఉమ్మేవాళ్ళెవరన్నదే చిక్కు. ఆడపిల్లలు మొహాలు తిప్పుకున్నారట. పరాయి ఎంగిలి పడ్డ గాజు గొట్టాలు తాను కడగనని అటెండరు తేల్చేశాడట. కనకరాజు ఆ గొట్టాలు ఇంటికి తెచ్చుకుని, ఎత్తుకెళ్ళిన గంజిలో తన ఉమ్మే వేసి చూస్తే, నీలం ఎంతకీ వదల్లేదు. ప్రిన్సిపాల్ అంతసేపు నిలబడే మనిషి కాదు.

అతని తల్లి రత్నమాణిక్యం ఎంగిలంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. అయినా కొడుకు గది పోతుందనేసరికి బుగ్గనున్న తాంబూలం ఊసేసి వచ్చి, గొట్టంలో ఇంత ఉమ్మిచ్చింది. నీలం చిటికెలో మాయమై కాస్త ఎర్రదనం మిగిలింది. కనకరాజు గంతేసినంత పని చేశాడు. రాళ్ళు తిన్నా అరిగించుకునే ఒళ్ళు తనదని ఆవిడ పొంగిపోయింది.

శ్రీదుర్గకి నమ్మకం కుదరలేదు. తాంబూలంలోకి వాడే సున్నం నీళ్ళలో కలిపి, ఇంకో గొట్టంలోని నీలం గంజిలో పోసింది. ఎవరి ఉమ్మీ లేకుండానే రంగు పోయింది. నిమ్మకాయ పిండితే తిరిగొచ్చింది. అత్తగారి గొట్టంలోనూ పిండింది. అదీ నీలమైంది.

"ఇది అరుగుదల కాదండీ, సున్నం," అంది మెల్లిగా.

రత్నమాణిక్యం గొట్టం వైపు చూసి, కోడలి వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కొరమీను పులుసు వడ్డించినా కనకరాజు అన్నం కలపలేదు. చల్లటి గంజి వల్లే అంత ఆలస్యమైందని, గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నిలబెడితే చాలని శ్రీదుర్గ ధైర్యం చెప్పింది. మరి ఉమ్మెవరిస్తారన్నాడతను.

రత్నమాణిక్యం లోపలి గదిలోంచి వచ్చింది. "ఎవరి ఎంగిలి వాళ్ళకి ఎంగిలేమిట్రా? ఎవరి గొట్టం వాళ్ళే కడుక్కుంటారు."

"ఆడపిల్లలు సిగ్గుపడుతున్నారమ్మా."

"మీ కాలేజీ పెద్దాయనే మొదలుపెడితే వాళ్ళకి సిగ్గేమిటి?" అంది శ్రీదుర్గ.

"అదే మంచిది," అంది అత్తగారు. "చెప్పులు విప్పి లోపలికెళ్ళి చూసే ఆ కంప్యూటర్ పెట్టెల్ని, ఎంగిలి పడ్డ గదిలో ఎవడు పెడతాడు?"

కనకరాజు పులుసు ఇంకాస్త వేయించుకుని, కలుపుకున్నాడు.

"రేపు మొదటి గొట్టంలో ప్రిన్సిపాల్ గారిచేతే ఉమ్మిస్తాను."