మనిషి: ఒకరు

లెక్కలక్క రోజూ తొమ్మిదింటికి బల్ల తుడుచుకుని, తెరకి ఓ దణ్ణం పెట్టుకుని పని మొదలెట్టేది. జనం తమ ఇంటి వీడియోలు ఆ ఆఫీసుకిచ్చి క్లౌడ్‌లో దాచుకునేవారు. అక్కడి యంత్రం ఒక్కో వీడియోనూ తనంతట తానే చూసి, అందులో ఏమేమున్నాయో, ఎవరేం చేస్తున్నారో జాబితా రాసి పంపేది. కుర్చీలు పన్నెండు, బల్ల ఒకటి, మనుషులు ఇరవైమంది, చప్పట్లు కొట్టడం. జాబితా సరిగ్గా ఉందని సంతకం పెట్టడం లెక్కలక్క పని. యంత్రం నూటికి తొంభై పాళ్ళు నమ్మకంగా చెబితే వీడియో తెరవక్కర్లేదని అక్కడి పద్ధతి. రోజుకి మూడొందల జాబితాలు మరి, అన్నీ తెరిచి కూర్చుంటే తెల్లారినట్టే.

చనిపోయినవాళ్ళు తమ వీడియోల్లోంచి లేచి వెళ్ళిపోతారన్నది అందరికీ తెలిసిందే. మనిషి వెళ్తాడు గానీ చేస్తున్న పని అక్కడే ఉండిపోతుంది. తాతగారు పోతే ఆయన పడక్కుర్చీలో పేపరు దానంతటదే పేజీలు తిప్పుకుంటుంది. అందుకే కబురు తెలియని మనుషుల కోసం ఇంటివాళ్ళు వచ్చి మళ్ళీ లెక్క వేయించుకునేవారు.

కుట్టుపనామె ప్రతి నెలా మొదటి సోమవారం అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చేది. ఆమె భర్త ఓడలో పనికని వెళ్ళి తొమ్మిదేళ్ళు. వెళ్ళేముందు అతను వంటగదికి రంగు వేస్తుంటే ఆమె తీసిన నలభై సెకన్ల వీడియో ఒక్కటే మిగిలింది.

"నేను చూడలేనక్కా. ఉన్నాడో లేడో చెప్పు, చాలు" అనేది.

"నిచ్చెన, బకెట్, కుంచె. గోడకి రంగు వేయడం. మనిషి: ఒకరు" అని లెక్కలక్క చదివేది.

"ఉన్నాడు సన్నాసి" అనేది అత్తగారు. "ఉత్తరం ముక్క రాయడానికి చేతులు పడిపోయాయి గానీ, గోడకి మాత్రం తెగ పూసేస్తున్నాడు." తిడుతున్నంతసేపూ ఆవిడ ముఖం వెలిగిపోయేది.

ఆస్పత్రి కంపౌండరు కుట్టుపనామెను పెళ్ళి చేసుకుందామని మూడుసార్లు అడిగాడు. మొగుడు బతికుండగా ఎలా అని మూడుసార్లూ కాదంది. ఇప్పుడతనికి బదిలీ అయింది. 'సోమవారం రెండింటి బస్సుకి వెళ్తున్నాను, ఇక అడగను' అని కబురు పంపాడు.

"ఈ ఒక్కసారీ చూడక్కా. ఉన్నాడంటే ఇంటికెళ్ళి మిషను తొక్కుకుంటాను" అందామె ఆ సోమవారం.

యంత్రాన్ని ఆ వారమే మార్చారు. జాబితాలో కొత్తగా ఓ మాట చేరింది. 'మనిషి: ఒకరు. కదలిక: లేదు.'

సంతకం పెట్టబోతున్న చెయ్యి ఆగిపోయింది. రంగు వేసేవాడు కదలకపోవడమేమిటి? లెక్కలక్క తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ వీడియో తెరిచింది.

నిచ్చెన మీద ఎవరూ లేరు. కుంచె దానంతటదే పైకీ కిందకీ పోతోంది. తలుపు పక్కన మేకుకి చొక్కా, కింద ప్యాంటు, పైన టోపీ. యంత్రం మనిషని లెక్కపెట్టింది వాటినే.

పాత జాబితాలు తిరగేసింది. మొదటి మూడు నెలలూ 'మనుషులు: ఇద్దరు' అని ఉంది, అతనూ ఆ బట్టలూ. నాలుగో నెల నుంచీ ఒకరు. అప్పట్లో "ఇద్దరేమిటే, నా కొడుకు లావెక్కాడా?" అని అత్తగారు నవ్వితే, యంత్రానికి చూపు మసకని తనూ నవ్వింది. ఒకటికి తగ్గగానే తప్పు దిద్దుకుందనుకుని సంతకం పెట్టేసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. భగవంతుడా, నోరివ్వు అనుకుని అంతా చెప్పేసింది. "తెరిచి చూడలేదమ్మా, ఇన్నేళ్ళూ. నాలుగో నెలలోనే వెళ్ళిపోయాడు. పాపం నాది."

కుట్టుపనామె తెర తన వైపు తిప్పుకుని నలభై సెకన్లూ చూసింది. కుంచె గోడ మూలకి చేరి, అక్కడ రెండుసార్లు దిద్దింది.

"మూలలు వదిలేవాడు కాదు" అంది. తరవాత, "ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలక్కా" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది లెక్కలక్కకి.

అత్తగారు గోడ గడియారం చూసింది. ఒంటిగంటన్నర.

"లే అమ్మాయీ."

"ఎక్కడికత్తయ్యా?"

"బస్టాండుకి."

"ఇవాళా? ఇప్పుడే కదా తెలిసింది! నన్ను ఏడవనివ్వండి."

"ఎవరొద్దన్నారు? దారిలో ఏడుద్దాం, నడు."

దారి పొడుగునా ఏడ్చింది కోడలే. అత్తగారు ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ టైమెంతయిందని అడుగుతూ, కోడలి రెక్క పట్టి లాక్కుపోయింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన కంపౌండరు వాళ్ళని చూసి ఆగాడు.

"మా అమ్మాయి వస్తోంది నాయనా" అంది అత్తగారు. "కిటికీ పక్కన కూర్చోబెట్టు. బస్సు పడదు దానికి."

"మీరో, అత్తయ్యా?"

"బట్టలు సర్దుకుని వస్తాలే. ఎక్కు."

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, ఆవిడ బస్టాండు బెంచీ మీద కూలబడింది. కొడుకు కోసం ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది.