బూర మోగిందా?

బూర మోగగానే గంగరాజు కాలువ వైపు చూడడు. ముందు పెళ్ళాం ముఖం వైపు చూస్తాడు.

ఆ ఉదయం కూడా అంతే. బుల్లెమ్మ వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది. ఎగువ నుంచి దూడ అరుపులా సాగిన బూర కూత ఒకటి అతని చెవిన పడింది. నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. బుల్లెమ్మ నడుమెత్తి, చెంగుకు చెయ్యి తుడుచుకుని తల ఊపింది. ఆ ఊపు కోసమే కాచుకున్న గంగరాజు పుల్ల ఉమ్మేసి లాకు మీదికి పరుగెత్తాడు. ధాన్యం పడవ నిజంగానే వచ్చి ఉంది. ఆ పడవను చూసినందుకు అతనికి కలిగిన సంతోషం పడవవాళ్ళకు తెలిస్తే నవ్విపోయేవాళ్ళు.

లాకు లస్కరు పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎగువ కాలువ ఎత్తు, దిగువ కాలువ పల్లం. మధ్యలో రాతి గోడల తొట్టి, దానికి చెరొక వైపున పెద్ద చెక్క తలుపులు. పడవను తొట్టిలోకి రానిచ్చి, వెనక తలుపులు మూసి, నీళ్ళు మెల్లగా వదిలి, ముందు తలుపులు తీయాలి. తలుపులకు తాటిమానంత దుంగలు ఉంటాయి. వాటిని వీపుతో నెట్టాలి. నెట్టి నెట్టి గంగరాజు వీపు మీద రెండు రెక్కల మధ్య చర్మం ఎద్దు మెడలా నల్లగా మొద్దుబారిపోయింది. నలభై నిండని మనిషి. నిద్రలేక ఎర్రబడిన కళ్ళు మాత్రం ముసలివాడివి.

నిద్ర ఎక్కడిది? ఆ లాకుకు ఇద్దరు లస్కర్లు ఉండాలి. రెండోవాడు పోయిన వేసవిలో కలరా తగిలి పోయాడు. మరో మనిషిని పంపుతామని కాలువల కచేరీ నుంచి కబురు వచ్చింది గానీ మనిషి రాలేదు. పడవలకు పగలూ రాత్రీ తేడా లేదు. బూర ఊదిన వెంటనే లస్కరు దుంగ దగ్గర ఉండాలి. ఆలస్యమైతే తప్పు. పడవ లేకుండా తలుపు తీస్తే నీళ్ళు దండగ, అది ఇంకా పెద్ద తప్పు. సర్కారువారు ఈ రెండు తప్పుల మధ్య మనిషి నిలబడేటంత చోటు కూడా ఉంచలేదు.

పడవ దాటిపోయాక గంగరాజు ఇంటి అరుగు మీద కూర్చుని చద్దన్నం తిన్నాడు. వసారా కప్పును మోసే నిట్టాడు గుంజకు ఎదురుగా మాత్రం కూర్చోడు. ఎంత ఎండ కొట్టినా దానికి వీపు పెట్టే కూర్చుంటాడు. వాళ్ళ నాన్న రాముణ్ణి గొలుసుతో కట్టేసింది ఆ నిట్టాడుకే.

ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన తొలి రోజుల్లో రాముడు ఈ లాకుకే లస్కరు. కొన్నేళ్ళు బాగానే చేశాడు. తరవాత అతనికి రాని పడవల బూరలు వినపడటం మొదలైంది. ఖాళీ కాలువకు తలుపులు తీసేవాడు. అడ్డం వచ్చినవాళ్ళను తిట్టేవాడు. నాటువైద్యుడు పసుపుకొమ్ము కాల్చి కణతల మీద వాతలు పెట్టాడు. అయినా బూరలు ఆగలేదు. చివరికి నిట్టాడుకు కట్టేశారు. గంగరాజే అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాడు. రాముడు ముద్ద మింగుతూ మింగుతూ ఆగి, "ఒరే, పడవ వచ్చిందిరా, విప్పరా" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. అక్కడే జ్వరం తగిలి పోయాడు. చీలమండ దగ్గర గొలుసు ఒరుసుకున్న పుండు స్నానం చేయించినప్పుడు కూడా పచ్చిగానే ఉంది. రాముడి మేనత్త కూడా అలాగే పోయిందని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆమెకు బూరలు కావు, ఎవరో పిలిచినట్టు వినపడేదట.

ఈ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం గంగరాజు బూర విని లాకు మీదికి వెళ్ళాడు. పడవ లేదు. గట్టు మీదే కూలబడ్డాడు. ఇంటికి వచ్చి, "బుల్లీ, ఇందాక బూర మోగిందా?" అని మాత్రం అడిగాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, "మోగింది కదా. గాలికి ఏ మలుపులోనో ఆగిపోయుంటారు" అంది. అతనికి పోయిన ప్రాణం లేచివచ్చింది. ఇద్దరికీ వినపడిందంటే పిచ్చి కాదు. ఆ రోజు నుంచి ఆమె ముఖమే అతనికి కొలబద్ద.

ఎండ నెత్తికెక్కేసరికి ఓవర్సీరు చంద్రరావుగారు తన పడవలో వచ్చారు. గొడుగు కిందనే నిలబడి మాట్లాడారు.

"ఏరా గంగరాజూ, పడవలు వచ్చి పడిగాపులు పడుతున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి. బూర ఊదితే నువ్వు ఇంట్లోంచి కదలడం లేదట. ఏంటి సంగతి?"

"లేదండి బాబుగారూ. వినపడగానే వస్తన్నానండి."

"వినపడుతోందా?" అని ఆయన రెట్టించారు. "మీ నాన్న సంగతి కచేరీలో అందరికీ తెలుసు. మీ వంశంలో ఉన్నదేనంటున్నారు. అలాంటివాణ్ణి తలుపుల దగ్గర ఉంచితే పడవలు ముంచుతాడు. ఇంకో ఫిర్యాదు వస్తే వేరే మనిషిని వేస్తాను. ఇల్లు కూడా ఖాళీ చేయాలి."

"చిత్తమండి. నాకేం లేదండి. మనిషి తోడుంటే..."

చంద్రరావుగారు అప్పటికే పడవలో కూర్చున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇంటి దగ్గర పిల్లికి పాలు పోసే మనిషే. కానీ ఆ మాట అనేసి ఆయన హాయిగా వెళ్ళిపోయారు. గంగరాజుకు మాత్రం అది చెవుల్లోంచి పోలేదు. మీ వంశంలో ఉన్నదే. తన గోళ్ళ వంక, అరచేతుల వంక చూసుకున్నాడు. అచ్చం నాన్న చేతులే. ఇన్నాళ్ళూ ఆ పోలికకు మురిసిపోయేవాడు. ఇప్పుడు ఆ చేతులను చూస్తేనే భయం వేసింది.

పొద్దు వాలుతుండగా బూర మోగింది. బుల్లెమ్మ పెరట్లో వడ్లు దంచుతోంది. గంగరాజు పరుగున వెళ్ళి ఆమె ముఖం వైపు చూశాడు. ఆమె తల ఊపింది. రోకలి మాత్రం ఆగలేదు.

లాకు దాకా వెళ్ళాడు. కాలువలో రెండు కొంగలు తప్ప మరేమీ లేదు. అప్పుడు అతని బుర్రలో ఆ రోకలి చప్పుడు మళ్ళీ వినపడింది. దడదడమని దంచుతున్న మనిషికి ఎక్కడో మోగిన బూర ఎలా వినపడింది?

తిరిగి వచ్చి ఆమె చేతిలో రోకలి పట్టుకున్నాడు.

"బుల్లీ, నిజం చెప్పు. నీకు వినపడిందా?"

ఆమె రోకలి వదిలేసింది.

"ఈ మాటే కాదు. ఇన్నాళ్ళూ?"

బుల్లెమ్మ ఏడ్చేసింది. "కొన్ని వినపడ్డాయి, కొన్ని లేదయ్యా. లేదంటే నీ ముఖం చచ్చిపోయినట్టు అయిపోతంది. చూడలేక ఊపేశాను. దానికే నువ్వు కాస్త అన్నం తింటన్నావు, కాస్త పడుకుంటన్నావు. నేనేం చెయ్యను?"

గంగరాజుకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఏది నిజం పడవో, ఏది నాన్న పిచ్చో చెప్పే దిక్కు లోకంలో ఇక లేకుండా పోయింది. "చిట్టెమ్మ మీద ఒట్టు పెట్టు. ఇక నుంచి వినపడితేనే వినపడిందను" అన్నాడు. బుల్లెమ్మ ఒట్టు పెట్టింది. చిట్టెమ్మ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఎనిమిదేళ్ళది. తన మీద ఒట్లు పెట్టుకుంటున్నారని తెలియక మేకపిల్లకు ఆకులు తినిపిస్తోంది.

దీపాలవేళకు మబ్బు కమ్మి వాన పట్టుకుంది. ముగ్గురూ లోపలే ఉన్నారు. బుల్లెమ్మ పొయ్యి దగ్గర తడిసిన పిడకలతో తంటాలు పడుతోంది. చిట్టెమ్మ గుమ్మంలో కూర్చుని చూరునీళ్ళు దోసిట పట్టుకుంటోంది. అప్పుడు దిగువ నుంచి బూర కూత వచ్చింది.

గంగరాజు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఊదుగొట్టం దించి, అతని కళ్ళలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపింది. "లేదయ్యా. ఒట్టుగా లేదు."

సరే, కూర్చుందాం అనుకున్నాడు. మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు కూడా. అంతలో గుమ్మంలోంచి చిట్టెమ్మ వెనక్కి తిరిగి, "నాన్నా, బూర" అంది.

గంగరాజు కూతురి దగ్గరికి పాకినట్టు వెళ్ళి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"అమ్మ చెప్పమందా?"

"లేదు నాన్నా. వినపడింది. అటుపక్క నుంచి."

కూతురి ముఖంలో అబద్ధం లేదు. ఆ గడ్డం, ఆ చెవులు, ముక్కు పక్కనున్న ఆ పుట్టుమచ్చ, అన్నీ రాముడివే. చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళంతా తాత పోలిక అనేవారు. గంగరాజు పుట్టి బుద్ధెరిగాక అంతగా భయపడింది లేదు. తన కాలికి గొలుసు పడితే పడనీ. ఈ చిన్న చీలమండ మీద కూడా అలాంటి పుండా? ఇన్నాళ్ళూ తనకోసం పడవ ఉండాలని కోరుకున్నాడు. ఇప్పుడు ఎలాగైనా అక్కడ పడవ ఉండి తీరాలి.

చూరులో దోపిన తాటాకు గొడుగు లాక్కుని వానలోకి దిగాడు. "ఆగవయ్యా, వాన తగ్గనీ" అని బుల్లెమ్మ అంటూనే ఉంది.

లాకు అవతల, దిగువ తలుపుల కింద, వానజల్లులో ముందు ఏమీ కనపడలేదు. కళ్ళు చికిలించి చూశాడు. మసక వెలుగులో ఒక తెరచాప కొయ్య, దాని కింద గోనెలు కప్పుకున్న మనుషులు. ముందుభాగాన ఆ పడవ నడిపే పాలకొల్లు వెంకన్న బూర చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏవయ్యా గంగరాజూ, ఊది ఊది దవడలు పడిపోయినయ్యి!"

గంగరాజుకు ఆ తిట్టు కంటే తియ్యని మాట ఎవరూ అనలేదు. ఇంటి వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"పడవుందే బుల్లీ! పడవుంది! చిట్టెమ్మకేం లేదు!"

లోపల బుల్లెమ్మ ఆ కేక విని పొయ్యి ముందు కూర్చునే నవ్వింది, ఏడ్చింది. ఎసట్లో మరో గుప్పెడు బియ్యం పోసింది. ఈ పూట కడుపునిండా తింటాడు అనుకుంది. నీళ్ళు వదిలితే వచ్చే హోరు కోసం చెవి ఒగ్గింది.

హోరు రాలేదు. బూర మాత్రం మళ్ళీ మోగింది. ఈసారి ఆమెకు కూడా వినపడింది. కాసేపటికి మళ్ళీ మోగింది, విసుగ్గా, ఆపకుండా. చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని బుల్లెమ్మ వానలోకి వచ్చింది.

వెంకన్న పడవ దిగి గట్టెక్కుతున్నాడు. "ఏమ్మా, ఇందాక తలుపు మీద నడుస్తా కనపడ్డాడు. అవతల పక్కకి పోయాడేమో అనుకున్నా. ఏడీ?" అన్నాడు. అంటూనే తలుపు మీది పాచిలో కాలు జారిన గీత, దాని కింద తొట్టి చూసి మాట ఆపేశాడు. ఈత రాని లస్కరు ఉండడు. రాతి గోడకు తల తగిలినవాడికి ఈతతో పనిలేదు. తొట్టిలో వరద మట్టికి ఎర్రబారిన నీళ్ళు నిండా ఉన్నాయి, వాటి మీద చినుకులు పడుతున్నాయి. పడవవాళ్ళు గడలు తీసుకుని పరుగెత్తుకొచ్చారు.

రెండు చేతులూ పనికి కావాలి కాబట్టి గొడుగును దుంగ మీద బోర్లించి వెళ్ళాడు గంగరాజు. వాన దాని మీద టపటపా పడుతూనే ఉంది. దాని కింద దుంగ మీద, మనిషి కూర్చునేటంత చోటు, ఇంకా పొడిగానే ఉంది.