పెన్న ఒడ్డున ఉమ్మడి గోడ

1957 ఆగస్టు 11, ఆదివారం ఉదయం జమ్మలమడుగులో, పెన్న ఒడ్డు వీధిలో ఖాతూన్‌బీ మిద్దె కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ప్రొద్దుటూరులో డ్రాయింగు చెప్పే పద్మనాభయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు. సెలవు రోజున ఏదో ఒక ఊరికి బస్సెక్కి, ఎవరినీ తోడు పిలవకుండా పాత కట్టడాలు చూస్తూ తిరగడం ఆయన అలవాటు. ఆ రోజు మొదట ఏటి మెట్ల మీది మంటపానికి పోయాడు. స్తంభాల బొమ్మలకు సున్నం మీద సున్నం కొట్టారు. ముక్కూ మొహం పూడిపోయాయి. మెట్ల నిండా మలం. పంచె ఎత్తిపట్టుకుని, ముక్కు మూసుకుని వీధిలోకి వచ్చాడు.

ఆ వీధి మిద్దెల్లో రెండిళ్లకు ఒకటే గోడ. కప్పు పైన చౌడుమన్ను పరుస్తారు. ఆ బరువు మోసే కొయ్య దూలాల, అంటే దంతెల కొనలు గోడ మందమంతా దూరి ఉంటాయి. ఎవరైనా ఆ గోడ ముట్టుకోవాలంటే ముందు పక్కింటి దంతెలకు ఊతకర్రలు పెట్టాలి. అది అక్కడి కట్టుబాటు.

ఒక ఇంటి ముందు సిమెంటు సింహాలు, మామిడాకుల తోరణం కనిపించాయి. గృహప్రవేశం. ఇంటాయన ఆదినారాయణకు ఏటి అవతల పొలాలున్నాయి.

"రాండి అయ్యవారూ, చూసేదానికే గదా వచ్చినారు! కడపలో గూడా ఇట్లాంటి హాలు లేదు."

హాలు గోడకు ఆకుపచ్చ రంగు వేశారు. పైన వరసగా కోసిన కొయ్య కొనలు, వాటి మీదా అదే రంగు. మూలన రంపపు పొట్టు ఉంది.

"ఇవేంది?"

"పక్కింటి ముసిల్దాని దంతెలు. గోడ మందంలో సగం తీపిచ్చి హాలు పెంచినా. కొనలు ముక్కుల మాదిరి పొడుచుకోని వస్తాంటే కోపిచ్చినా."

"అవతల ఊత పెట్టినారా?"

"ఊతెందుకప్పా? ముసిల్ది నెత్తితో మోస్తాదిలే!"

బంధువులు నవ్వారు. ఒకాయన తాంబూలం నమిలి ఆ గోడ మొదట్లోనే ఉమ్మాడు.

పద్మనాభయ్య పక్కింటికి పోయాడు. ఖాతూన్‌బీ ఒంటరి మనిషి. కూర్చుని కొర్రలు చెరుగుతోంది. భుజాల మీద మన్ను రాలి ఉంది.

"అమ్మా, బయటికి రా. దంతెలు కోసేసినారు."

"తెలుసు సామీ. నేను బయటికి పోతే వాడు లోపలికొస్తాడు. అందుకే వాకిలి దాటడంలే."

"ప్రాణం పోతాది. ఈ ఇల్లు నీదని, నువ్వు ఇందులోనే ఉన్నావని నేను చెప్తా. రా."

ఆమె చేటతోనే లేచింది. ఇద్దరూ వీధిలోకి వచ్చిన కాసేపటికి కప్పు పడింది.

ఆదినారాయణ చొక్కా దులుపుకుంటూ వచ్చాడు. "పాయసం నిండా దుమ్ము పడె గదే! ఇప్పుడే కూలల్లనా ఇది?"

పద్మనాభయ్య పంక్తిలో కూర్చున్న ఊరి పెద్ద ఒకాయన దగ్గరికి పోయి, చూసింది చెప్పి, ఆ ఇల్లు ఖాతూన్‌బీదేనన్నాడు. ఆయన విస్తరి మీంచి చెయ్యి తీయలేదు.

"కూలక ముందే ఆమె బయటికొచ్చె గదా అయ్యవారూ?"

"నేను పిలిస్తే వచ్చింది."

"వచ్చింది గదా. ఇల్లు వదిలిపెట్టినట్టే. కూర్చోండి, అన్నం తిందురు."

పద్మనాభయ్య కూర్చోలేదు. మధ్యాహ్నం ఎంగిలి విస్తళ్లు ఖాతూన్‌బీ మిద్దె మన్ను మీద వేశారు. సాయంత్రానికి ఆ జాగా చుట్టూ ముళ్లకంప నాటారు. లోపలికి దారి ఒక్క ఆదినారాయణ హాలు వైపు నుంచే ఉంది.